శ్రీభద్రా టాకీసు తెర

నేను ఒక సినిమా తెరను. నన్ను నిలువునా కోసినవాడి పేరు అడపా లోవరాజు, తండ్రి సన్యాసిరావు, ఊరు ఏలేశ్వరం, ‘యువకెరటం శరభ్ యువసేన’ అధ్యక్షుడు. పేరు ముందే చెప్పేస్తున్నాను. సినిమాల్లో అయితే పేర్లు ఆఖర్న వేస్తారు. అప్పటికి జనం లేచి చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు, ఒక్కడూ తలెత్తి చూడడు. లోవరాజు పేరు అలా పోకూడదని నా పంతం.

నాకు పెద్ద చదువు లేదు. నా మీద పడిన అక్షరాలే నాకొచ్చిన అక్షరాలు. ‘పొగ తాగరాదు’, ‘ముందు సీట్లపై కాళ్ళు పెట్టరాదు’, ‘విశ్రాంతి’, ‘శుభం’. కొన్నేళ్ళకి శుభం వెయ్యడం కూడా మానేశారు. నా చదువు అక్కడితో ఆగింది. కాబట్టి నా మాటలో ఎక్కడైనా గరుకు తగిలితే సర్దుకోండి. ఇన్నేళ్ళూ మీ కేకలూ ఈలలూ నేను సర్దుకోలేదా?

నేను పుట్టింది బొంబాయి దాటాక ఎక్కడో ఒక రేకుల షెడ్డులో. తెల్లటి ప్లాస్టిక్ గుడ్డ. ముందు సూదులున్న రోలరు కింద పెట్టి ఒళ్ళంతా చిల్లులు పొడిచారు. ఆ తర్వాత పట్టీలు పట్టీలుగా అతికించి నలభై రెండు అడుగుల పొడవు, పద్దెనిమిది అడుగుల ఎత్తు చేశారు. పుట్టీ పుట్టగానే ఈ శిక్షేమిటి, నేనేం పాపం చేశానని ఏడ్చుకున్నాను. తర్వాత తెలిసింది. స్పీకర్లు తెర వెనకాల ఉంటాయి. మాట బొమ్మ నోట్లోంచే వచ్చినట్టు ఉండాలంటే నా ఒంట్లోంచి రావాలి. చిల్లు లేని తెర మీద బొమ్మ పడుతుంది గానీ మాట వెనకే ఉండిపోతుంది. మనుషుల్లోనూ అంతేనేమో. దెబ్బ తినని మనిషి దగ్గర వినదగ్గ మాట నేనైతే వినలేదు.

గొట్టంలా చుట్టి లారీలో ఏలేశ్వరం తెచ్చారు. శ్రీభద్రా టాకీసు అప్పట్లో వేగేశ్న రామభద్రరాజు గారిది. ఇనప చట్రానికి తాళ్ళతో నన్ను బిగించి కట్టాక, ఆయన చెప్పులు కింద వదిలి స్టేజీ ఎక్కారు. పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, వెనక్కి తిరిగి పనివాళ్ళందరితో ఒకే మాట అన్నారు. “ఒరేయ్, ఈ అరుగు మీదకి చెప్పుల కాలుతో ఎవడన్నా ఎక్కేడంటే వాడికి ఈ హాల్లో ఆఖరి రోజు. చెప్పేను.”

ఆ మాటని అందరికంటే గట్టిగా పట్టుకున్నవాడు బుకింగులో టిక్కెట్లు చింపే పలివెల భీమన్న. అప్పటికి పెళ్ళి కూడా కాలేదు అతనికి. బల్లులు దులపడానికి ఎక్కినా సరే, చెప్పులు విప్పి, చీపురు కళ్ళకి అద్దుకుని ఎక్కేవాడు. చీపురు కళ్ళకద్దుకోవడం ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు. తెర దగ్గరికొచ్చేసరికి చేతిలో ఏదుంటే అదే అద్దుకునేవాడు.

మనుషుల్ని నేను చూసినంత తీరిగ్గా మరొకరు చూసి ఉండరు. మీరు నన్ను చూస్తున్నామనుకుంటారు. ఆ వెలుతురు నా మీద పడి మీ మొహాల మీదకి తిరిగొస్తుంది, మీరే నాకు కనబడతారు. వడ్డీ వ్యాపారిని హీరో చెంప మీద కొడితే కుర్చీలు విరగ్గొట్టినవాళ్ళు, ఆట వదలగానే వడ్డీ కట్టడానికి పరిగెత్తారు. కోడల్ని రాచిరంపాన పెట్టే అత్తని చూసి నేల టిక్కెట్టు ముసలమ్మలు శాపనార్థాలు పెట్టారు. ఆ పక్కనే కూచున్న కోడలు కిక్కురుమనకుండా పల్లీలు ఒలిచి అత్తగారి చేతిలో పోస్తూనే ఉంది. ఇంటర్వెల్ ముందు చెల్లెలి పాత్ర చచ్చిపోతే వెక్కి వెక్కి ఏడ్చిన పెద్దమనిషి, సోడా దగ్గర సొంత చెల్లెలు ఎదురైతే మొహం తిప్పుకున్నాడు. ఆస్తి గొడవట. మీ కన్నీళ్ళన్నీ నాకిచ్చేసి బయటికి పొడి కళ్ళతో వెళ్ళిపోయేవారు. నేను తెల్లగా ఉన్నానంటే, ఇవేవీ అంటకుండా చూసుకున్నాను గనకే.

ఏళ్ళు గడిచాయి. రాజుగారు పోయారు. ఆయన కొడుకు విశాఖపట్నంలో ఉండేవాడు, హాలు మొహం చూసేవాడు కాదు. జనానికి చేతిలోకే సినిమా వచ్చేసింది. అరచెయ్యంత అద్దంలో ఏనుగుల గుంపుని చూసి ఆనందిస్తున్నారంటే వాళ్ళని నేనేమనను? హాలు మూసేసి ఎరువుల బస్తాలకి గోడౌన్‌గా ఇచ్చేస్తానన్నాడు కొడుకుగారు. అప్పుడు భీమన్న కాళ్ళా వేళ్ళా పడి లీజుకి తీసుకున్నాడు. టిక్కెట్లు చింపినవాడే హాలు నడిపేవాడయ్యాడు. ఊళ్ళో నవ్వినవాళ్ళు నవ్వారు. రెండేళ్ళు అలా అలా ఈదాడు. మూడో ఏడు కొడుకుగారు కబురు పెట్టాడు. ఈ వేసవికి హాలు నిండితే సరే, లేకపోతే తాళాలు ఇచ్చెయ్యమని.

సరిగ్గా అప్పుడొచ్చింది ‘నీలికవచం’.

తెలుగులో ఇంత ఖర్చుతో ముసుగు వీరుడి సినిమా రావడం మొదటిసారి అని ఊరంతా చెప్పుకున్నారు. గాల్లో ఎగిరేవాడు, బస్సుని ఒంటిచేత్తో ఆపేవాడు, నీలం ముసుగువాడు. హీరో శరభ్. జిల్లాకంతటికీ ఆ సినిమా కొనుక్కున్న కాకినాడ బయ్యరు, భీమన్న లాంటి వాడికి ఊరికే ఇస్తాడా? అడ్వాన్సుకి బదులు పొలం కాగితాలు పెట్టమన్నాడు. రెండు వారాలు ఆడించి లెక్క చెల్లగట్టాలి. కట్టలేకపోతే పొలం బయ్యరుది. భీమన్నకి ఏలేరు కాలవ కింద తల్లి ఇచ్చిన పొలం ఒకటుంది. ఉన్నదల్లా అదే.

ఆ మాట భార్య మంగతాయారుతో చెప్పడానికి అతనికి ఇంట్లో ధైర్యం చాల్లేదు. ఆటలు లేని ఒక మధ్యాహ్నం హాల్లోకి తీసుకొచ్చి, నా ఎదురుగా బెంచీ మీద కూచోబెట్టి చెప్పాడు.

“పొలం కాయితాలా? మీ అమ్మ పోతా పోతా ఏం చెప్పిందో గుర్తుందా మీకు?”

“ఎందుకు గుర్తులేదే? అమ్మొద్దంది. తాకట్టెట్టొద్దన్లేదు గదా.”

“ఆహా, ఎంత తెలివి! ఇంత తెలివున్నోరు టిక్కెట్లు చింపుకుంటా ఎందుకుండిపోయేరో.”

“తాయారూ, ఇది శరభ్ సినిమా. మన ఊళ్ళో కుర్రోళ్ళు ఆడి పేరు పచ్చబొట్టు పొడిపించుకున్నారు. మొదటి మూడ్రోజులు నిండితే చాలు. కాయితాలు తిరిగొచ్చేత్తాయి, హాలూ నిలబడతది.”

ఆవిడ చాలాసేపు నా వంక చూసింది. నా మీద ఏ బొమ్మా లేదు. “ఈ గుడ్డకి మీరు చేసిన సేవ నాకు చేసుంటే నేనీపాటికి మహారాణిని,” అని లేచి, కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది. అంటే ఒప్పుకున్నట్టే. వాళ్ళింట్లో ఒప్పుకోవడం అలాగే ఉంటుందని భీమన్న మొహం చూస్తే తెలిసింది.

ఇక లోవరాజు సంగతి. సెల్లు రీచార్జీ కొట్టు అతనిది. ముప్పై దాటినా నూనూగు మీసాలవాడిలా తిరిగేవాడు. ఎంత కసి ఉన్నా ఉన్నమాట చెప్పాలి. చెడ్డవాడు కాదు. శరభ్ పుట్టినరోజుకి రక్తం ఇచ్చేవాడు, ఆస్పత్రిలో బాలింతలకి రొట్టెలు పంచేవాడు. సొంత తండ్రి పుట్టినరోజు ఎప్పుడో అడిగితే మాత్రం నీళ్ళు నమిలేవాడు. వారం ముందు నుంచే హాలు చుట్టూ తిరిగాడు. గేటు మీద కటౌటు, దాని మెడలో బంతిపూల గజమాల, డప్పులు, బాణాసంచా.

“బాబాయ్, ఈసారి అన్న ఎంట్రీకి నేను స్టేజీ ఎక్కి హారతివ్వాలి. జిల్లాలో మొదటి హారతి మనూళ్ళోనే పడాలి. ఆ వీడియో హైదరాబాదుదాకా ఎళ్ళాలి.”

“ఇద్దువుగాని. చెప్పులిప్పి ఎక్కు.”

“అంతేగా!”

“కర్పూరం మంట తెరకి దూరంగా ఉంచు. పళ్ళెం పెద్దది తెచ్చుకో.”

“నీకెందుకు బాబాయ్, అన్న మీద మంట పడనిత్తానా?”

వాడికి నేనంటే ఎవరో చూడండి. నేను నేను కాదు, అన్న.

విడుదల రోజు పొద్దున్న ఆట. లోపల ఈగ దూరడానికి సందు లేదు. కింద అంతా శరభ్ మనుషులు. బాల్కనీలో ఓ పక్కగా అవతలి హీరో మనుషులు కొందరు డబ్బిచ్చి మరీ వచ్చి కూచున్నారు, ఎక్కడ నవ్వు దొరుకుతుందా అని. భీమన్న గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. కొత్త చొక్కా తొడుక్కున్నాడు. మడతలు ఇంకా పోలేదు. పీటల మీద కూచోబోయే పెళ్ళికొడుకులా ఉన్నాడు.

సినిమా మొదలైంది. వంతెన మీంచి బస్సు జారుతోంది. లోపల ఆడవాళ్ళు, పిల్లలు, కేకలు. అప్పుడు ఆకాశంలోంచి నీలం ముసుగువాడు దిగి, బస్సుని రెండు చేతులా పట్టి ఆపాడు.

హాలు బద్దలైంది. కాయితం ముక్కలు వానలా కురిశాయి. ఎవడో నా పాదాల దగ్గర బూడిదగుమ్మడికాయ పెట్టి కర్పూరం వెలిగించాడు. లోవరాజు స్టేజీ ఎక్కాడు. చెప్పులు విప్పే ఎక్కాడు, ఆ మాట కాదనను. పక్కన ఇద్దరు డప్పు కొడుతుంటే కొబ్బరికాయ కొట్టాడు, హారతి పళ్ళెం గుండ్రంగా తిప్పాడు. ఆ వెలుగులో వాడి కళ్ళలో నీళ్ళు కనబడ్డాయి నాకు. హారతి అయ్యాక ముసుగువాడి పాదాలు పడిన చోట, అంటే నా కింది అంచు మీద, నుదురు ఆనించాడు. కింద నుంచి, పై నుంచి ఫోన్లన్నీ వాడి మీదే.

నాకు మాత్రం మనసు కీడు శంకించింది. శరభ్ కళ్ళు నాకు తెలుసు. ఎన్నో సినిమాలు మోశాను వాడివి. నవ్వే ముందు ఎడమ కన్ను కొంచెం ముడుస్తాడు. ఈ ముసుగు వెనకున్న కళ్ళు అవి కావు. ఇవి చల్లగా, మెడ పట్టుకునే మనిషి కళ్ళలా ఉన్నాయి. ఒరేయ్ లోవరాజూ, ఇతను మీవాడు కాదురా అని అరుద్దామనిపించింది. ఏం చెయ్యను? నా నోరు నాది కాదు, వెనకాల స్పీకర్లది. వాటిలో డప్పు పాట మోగుతోంది.

గంటపైన అలాగే సాగింది. ముసుగువాడు మంటల్లోంచి పిల్లల్ని తీశాడు, రైలుని ఆపాడు. ప్రతిసారీ హారతి, ప్రతిసారీ కాయితం ముక్కలు. ఇంటర్వెల్‌కి దిష్టి తీసి కొడదామని, లోవరాజు గుమ్మడికాయ పక్కన కత్తి పెట్టుకుని స్టేజీ మూలనే కూచున్నాడు.

ఇంటర్వెల్ దగ్గరికొచ్చింది. ముసుగువాడు సముద్రం ఒడ్డున నిలబడి ముసుగు తీశాడు.

అది శరభ్ కాదు. హిందీ నుంచి తెచ్చిన విలన్. బస్సుల్ని తోసిందీ వాడే, ఆపిందీ వాడే. నిప్పు పెట్టిందీ వాడే, ఆర్పిందీ వాడే. మంచివాడినని జనాన్ని నమ్మించడానికి అంతసేపూ వీరుడి ముసుగు వేసుకు తిరిగాడు. అదీ కథ.

హాల్లో డప్పులు ఆగిపోయాయి. అప్పుడు బాల్కనీ నుంచి ఒక్క నవ్వు రాలింది. తర్వాత పది నవ్వులు.

“ఒరేయ్ లోవరాజూ! విలన్ గాడి కాళ్ళకి మొక్కేవు గదరా!”

“హారతి పళ్ళెంలో దక్షిణేదిరా? విలన్ గారు అడుగుతున్నారు!”

“రేపు పొద్దున్న ఆడి కటౌటుక్కూడా పాలు పొయ్యండ్రా!”

“వీడియో వచ్చిందిరా, బ్రమ్మాండంగా వచ్చింది! ఊరందరికీ పంపేత్తన్నా!”

లోవరాజు లేచి నిలబడ్డాడు. వాడి మొహం నా ఎదురుగానే ఉంది. ఆ మొహంలో కోపం కంటే ముందు ఇంకోటి కనబడింది. పెళ్ళిలో పంక్తిలోంచి లేపేసిన మనిషి మొహం అలాగే ఉంటుంది. వాడికి పైకెళ్ళి నవ్వినవాళ్ళని కొట్టే దారి లేదు, మధ్యలో జనం కిక్కిరిసి ఉన్నారు. ఎదురుగా మాత్రం, పద్దెనిమిది అడుగుల ఎత్తున, తన చేత హారతి పట్టించుకున్న దొంగవెధవ నవ్వుతూ కనబడుతున్నాడు. గుమ్మడికాయ కోసం తెచ్చిన కత్తి చేతిలోకి తీసుకున్నాడు. ఎగిరి ఆ విలన్ మెడ మీద ఒక్కటేశాడు. కిందికి లాగాడు, బిగుతుకి చీలిక పైకీ పాకింది.

నా ఒంట్లోంచి నా సొంత చప్పుడు రావడం అదే మొదలు. ఇన్నేళ్ళూ ఎవరెవరి మాటలో నాలోంచి వెళ్ళాయి. ఇది నాది. కొత్త గుడ్డ చింపినట్టు, పెద్దగా.

“ఒరేయ్ ఆడు కాదురా! అది తెర్రా! తెర్రా అది!” భీమన్న గుమ్మం దగ్గర్నుంచి జనం భుజాల మీంచి పాక్కుంటూ వస్తున్నాడు.

ఇంకొక్క ఊపిరి పట్టి ఉంటే సరిపోయేది. లోవరాజుకి తెలియనిదేమిటంటే ఆ దృశ్యం అయిపోలేదు. విలన్ నవ్వుతుండగానే వెనక సముద్రంలోంచి తడిసిన లుంగీతో, చేతిలో వలతో, ముసుగూ ఏమీ లేకుండా అసలు శరభ్ పైకి లేచాడు. ఆ మొహమే నా నిండా పడింది. సరిగ్గా కోత మీద పడింది. ఎడమ కన్ను ఈ పక్క, కుడి కన్ను ఆ పక్క. మధ్యలో చీకటి, ఆ చీకట్లో వెనకున్న స్పీకరు పెట్టె. వాడు నవ్వబోతూ ఎడమ కన్ను ముడిచాడు. సగం మొహం కిందికి వేలాడిపోయింది.

లోవరాజు చేతిలో కత్తి జారింది. “అన్నా,” అన్నాడు. అంతే. తర్వాత జనం తోసుకుంటూ బయటికి పోయారు, వాళ్ళలో వాడూ పోయాడు. గేటు దగ్గర ఎవడో ఫోనుకి కర్ర తగిలించుకుని “టాక్ ఏంటన్నా?” అని అడిగితే “సినిమా పోయింది. అట్టర్ ఫ్లాపు. అన్నకి ఎంట్రీయే లేదు,” అన్నాడట. ‘హారతి’ వీడియో అప్పటికే ఊరు దాటేసింది. వాడు అనుకున్నట్టే హైదరాబాదుదాకా వెళ్ళింది.

భీమన్న స్టేజీ ఎక్కాడు. అంత గాభరాలోనూ చెప్పులు కింద వదిలేశాడు. నా చీలిక రెండు అంచులూ దగ్గరికి లాగి పట్టుకుని అలా నిలబడిపోయాడు. చేతులు వదిలేస్తే మళ్ళీ తెరుచుకుంటోంది. వదిలి, పట్టుకుని, మళ్ళీ వదిలి. అప్పటికే మంగతాయారుకి కబురు అందింది. వస్తూ వస్తూ దబ్బనం, వలలు కట్టే నైలాను దారం తెచ్చింది. ఇద్దరూ నిచ్చెన వేసుకుని, ఆవిడ ముందు నుంచి, అతను వెనక నుంచి, గోనెసంచి కుట్టినట్టు నన్ను కుట్టారు. దారం లాగినప్పుడల్లా ఆవిడ నోట్లో ఏదో గొణుక్కుంది. తిట్లో, దేవుడి పేర్లో, చిల్లుల్లోంచి నాకు రెండూ ఒకేలా వినబడ్డాయి.

సాయంత్రం ఆట వేశారు. కుట్టు ప్రతి మొహం మీదా గాటులా పడింది. హీరోయిన్ పాట పాడితే బుగ్గ మీద గాటు. దేవుడి గుళ్ళో విగ్రహానికి గాటు. “డబ్బులు తిరిగియ్యి, భీమన్నా!” అని కేకలు. ఇచ్చాడు. మర్నాడు పట్టుమని పాతికమంది రాలేదు. బయ్యరు మనిషి వచ్చి చూసి, పెదవి విరిచి, సినిమాని పక్క ఊరి హాలుకి మార్చేశాడు. కొత్త తెర రావాలంటే నెల పడుతుందన్నారు, దానికి పెట్టుబడి ఎవరు పెడతారు? విశాఖపట్నంలో కొడుకుగారు ఫోన్ ఎత్తలేదు.

తర్వాత జరిగింది వినండి. ఖాళీ హాల్లో, నా ముందు బెంచీ మీద, భార్యాభర్తలిద్దరూ కూచున్నారు. భీమన్న ఫోన్‌లో సమీక్షలు కూడబలుక్కుంటూ పైకి చదువుతున్నాడు.

“ఇదిగో, అయిదుకి మూడున్నర ఇచ్చేరు. ‘అభిమానుల కోసం ఆగకుండా కథ కోసం నడిచిన తొలి వీరుడి చిత్రం. హీరో మొహం ఇంటర్వెల్ వరకు దాచిన దర్శకుడి ధైర్యానికి జోహార్లు.’ ఇంకోటి విను. ‘ముసుగు తీసే ఘట్టం తెలుగు తెరకే కొత్త.’”

“తెలుగు తెరకి కొత్తేమో గాని,” అంది మంగతాయారు, “మన తెరకి ఆఖరు.”

భీమన్న నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఇంకోలా మారింది. ఆవిడ అతని వీపు మీద చెయ్యి వేసి, నా వంకే చూస్తూ కూచుంది.

సమీక్షలు రాసినవాళ్ళు డబ్బు తిన్నారని మొదటి రెండ్రోజులు శరభ్ మనుషులే తిట్టారు. అవతలి హీరో మనుషులు ఆ సమీక్షల్నే నెత్తిన పెట్టుకున్నారు, వీళ్ళని ఏడిపించడానికి. ఆదివారం నుంచి ఆడవాళ్ళు, పిల్లలు పక్క ఊళ్ళో హాలుకి బళ్ళు కట్టుకుని వెళ్ళడం మొదలెట్టారు. సినిమా ఆడింది. బాగా ఆడింది. శరభ్ మనుషులు ఒక్కొక్కరే మాట మార్చారు. ‘మా అన్న చేసిన ప్రయోగం అర్థం కావాలంటే బుర్రుండాలి’ అని రాసుకున్నారట. లోవరాజు కూడా రాశాడట. అదే సినిమా, అదే మొహం, అదే ఇంటర్వెల్. మారింది పక్కవాడి మాట. పక్కవాడు చప్పట్లు కొడితే గాని మీ చేతులు లేవవు. ఇది నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను.

రెండు వారాలు అయ్యాయి. ఆడించలేదు, లెక్క లేదు. కాగితాలు తిరిగి రాలేదు. హాలు తాళాలు విశాఖపట్నం వెళ్ళిపోయాయి. ఇప్పుడక్కడ యూరియా బస్తాలున్నాయి, బాల్కనీదాకా. బయ్యరు ఆ పొలాన్ని కాకినాడలో ఒక కాంట్రాక్టరుకి అమ్మేశాడు. కాంట్రాక్టరుకి వ్యవసాయం రాదు. ఎవరన్నా కౌలుకి చేస్తారా అని అడిగితే భీమన్నే వెళ్ళి అడిగి తీసుకున్నాడు. సొంత పొలానికి కౌలుదారు.

హాలు ఖాళీ చేసేటప్పుడు ఏం కావాలో తీసుకోమన్నారు. కుర్చీలు తీసుకున్నవాళ్ళు కుర్చీలు, ఫ్యాన్లు తీసుకున్నవాళ్ళు ఫ్యాన్లు తీసుకున్నారు. భీమన్న నన్ను కోరుకున్నాడు. తాళ్ళు కోసి, చట్రంలోంచి దింపి, చాపలా చుట్టి ఆటో మీద పొలానికి తీసుకొచ్చాడు. కోతలయ్యాక కళ్ళంలో నన్ను పరిచి, నా మీద వడ్లు పోశాడు. ఇప్పుడు నేను పరదాని.

పక్క పొలాలవాళ్ళు నవ్వారు. “ఏం భీమన్నా, చిల్లుల పరదా ఎక్కడ దొరికింది? మంచు పడితే కిందకి కారిపోద్ది గదా.”

“పైన కప్పడానిక్కాదు. కింద పరవడానికి.”

“కింద పరిస్తే చెమ్మ పైకొత్తది.”

“వత్తే రానియ్. చిల్లులు దీని తప్పు కాదు.”

ఆ మాట అన్నందుకు నేను అతనికి ఈ జన్మలో రుణపడిపోయాను. మాట నాలోంచి వెళ్ళాలని పొడిచిన చిల్లుల్లోంచి ఇప్పుడు చెమ్మ వస్తోంది. పగలంతా ఎండకి కాగుతాను, వేకువన కింద నుంచి తడుస్తాను. వెలుతురు పడుతూనే ఉంది, సూర్యుడిది. బొమ్మ మాత్రం ఏమీ పడదు. అప్పుడప్పుడు కొంగ నీడ.

సరిగ్గా ఏడాదికి లోవరాజు వచ్చాడు. ఏడాదంతా వాడు ఈ దారిన రాలేదు, ఎదురుపడితే సందు తిరిగి పోయేవాడని మంగతాయారు అనగా విన్నాను. ఆ రోజు బండి గట్టు మీద ఆపి, నీలం టీషర్టు వేసుకుని, ఏమీ జరగనట్టు కళ్ళంలోకి నడుచుకుంటూ వచ్చాడు. భీమన్న కాలితో వడ్లు తిరగేస్తున్నాడు.

“బాబాయ్, బాగున్నావా?”

“ఆఁ.”

“పిన్నిగారు బాగున్నారా?”

“విషయం చెప్పరా.”

“అదే బాబాయ్, ‘నీలికవచం’కి ఏడాదవుద్ది. అన్ని ఊళ్ళల్లో మళ్ళీ ఏత్తన్నారు. మనూళ్ళో హాలు లేదాయె. కుర్రాళ్ళంతా గోల. నువ్వు అనుభవమున్నోడివి గదా, ఏదన్నా దారి చెప్తావని.” టీషర్టు అంచు లాక్కున్నాడు. “ఆరోజు ఏదో ఆవేశం బాబాయ్. ఆ నవ్విన నాయాళ్ళ మీద కోపం. సినిమా అర్థం కాలేదు మాకు అప్పట్లో.”

భీమన్న తిరగేస్తూనే ఉన్నాడు.

“ఆ తెర ఉందా బాబాయ్? ఏం చేశావ్ దాన్ని?”

“ముందు చెప్పులిప్పు.”

“ఏంటీ?”

“దాని మీదే నిలబడ్డావు.”

లోవరాజు కిందికి చూశాడు. గభాల్న వెనక్కి జరిగి, చెప్పులు విప్పి గట్టు మీద పెట్టి, మళ్ళీ వచ్చాడు. వంగి, చేత్తో వడ్లు పక్కకి జరిపాడు. కుట్టు కనబడింది. నైలాను దారం ఎండకి పసుపెక్కింది. ఆ కుట్టు వెంట వేలు పెట్టి పైనుంచి కిందిదాకా నడిపాడు. నన్ను కోసిన చెయ్యే అది. ఈసారి మెత్తగా ఉంది.

“ఇక్కడేనా?”

“ఇక్కడే.”

“అన్న మొహం పడింది గదా బాబాయ్ ఇక్కడ.” వేళ్ళు కళ్ళకి అద్దుకున్నాడు. “ఓ మాటడుగుతాను, కాదనకు. ఈ ముక్క మట్టుకు కోసిస్తావా? ఫ్రేము కట్టించి మా యువసేన ఆఫీసులో పెడతాం.”

“కోసుకెళ్ళు. నీకలవాటేగా.”

వాడి చెయ్యి వెనక్కి వెళ్ళిపోయింది. కాలవలో నీళ్ళ చప్పుడు నాలోంచి పైకి వచ్చింది, పాత రోజుల్లో పాట వచ్చినట్టు. లోవరాజు చుట్టూ చూశాడు. ఊరుకుంటే బాగుండేది. ఊరుకోవడం వాడి జాతకంలో లేదు. వాడి మొహం మళ్ళీ వెలిగింది.

“బాబాయ్, పోనీ ఓ పని చేద్దామా? ఇక్కడే ఏద్దాం! కోతలైపోయినియ్యి, చేను ఖాళీగా ఉంది. ఇదే తెర, రెండు సరుగుడు కర్రలకి కట్టేద్దాం. కుర్రాళ్ళు కింద కూచుంటారు. నీ పొలమే గదా, అడిగేవోడెవడు?”

భీమన్న కాలు ఆగింది.

“నాది కాదురా.”

“నీది కాపోటమేంటి? మీ అమ్మగారిది గదా. ఆ మాట నాకా చెబుతున్నావు? చిన్నప్పుడు ఇక్కడ మామిడికాయలు నేనే కోసేవోణ్ణి.”

“నువ్వు హారతిచ్చిన రోజుదాకా నాది.”

లోవరాజుకి వెంటనే అర్థం కాలేదు. నవ్వబోయాడు. భీమన్న మొహం చూసి ఆపేశాడు. నా వంక చూశాడు, కుట్టు వంక చూశాడు, చేను అంచుదాకా చూశాడు. ఒక తెర కోశాననే అనుకున్నాడు వాడు ఏడాదిగా. నేను ఈ నేల మీద కప్పేది సెంటూ ముప్పాతిక. ఆ సెంటూ ముప్పాతిక అంచున వట్టి కాళ్ళతో నిలబడి, అన్న సినిమాలో ఎప్పుడూ రానంత చిన్న గొంతుతో అడిగాడు.

“ఎంత బాబాయ్?”

భీమన్న వంగి, వాడు పక్కకి జరిపిన వడ్లు రెండు చేతులా తీసి కుట్టు మీద మళ్ళీ కప్పాడు. తర్వాత చెప్పాడు.

“ఎకరం అరవై ఎనిమిది సెంట్లు.”